ఎరలేని గాలము

లేడి నాదమునకు, ఏనుగు స్పర్శకు, మిడుత రూపమునకు, తుమ్మెద గంధమునకు, మీనము రుచికి లోబడి నశించుచున్నవనియు, ఒక్కొక్క యింద్రియముచేతనే ఒక్కొక్క ప్రాణి యిట్లు చెడుచుండగా ఐదింటికిని దాసుడైన మనుష్యుని గతి చెప్పనేల యనియు మన పెద్దలు పలుమారులు హెచ్చరించియున్నారు. వివేకచూడామణియందు ఈ దృష్టాంతము కలదు. భాగవతమున ఏకాదశస్కంధమునందు అవధూత యదుమహారాజునకు తన యిరువదినలుగురు గురువులను పేర్కొనునపుడు వారిలో చేపనుగూడ చేర్చి, నాలుకను గెలువనివాడు తక్కిన యింద్రియములను గెలిచియు గెలువనివాడే యను పాఠమును దానివలన నేర్చితినని చెప్పును. ఆ బోధయొక్క గొప్పతనమును నేను కాదనుట లేదు. కాని దానిని చదివినప్పుడెల్ల ఆ దృష్టాంతమున ఒక మూల చీకటిగానే మిగిలిపోయినట్లు నాకు తోచుచుండును. గాలమునకు చిక్కిన చేపయొక్క దోషమును మనకు వివరించిరి. గాలము వేసినవాని ప్రసక్తి యెక్కడను రాలేదు. గాలము తనంత తాను నీటిలో మొలచునది కాదు గదా! ఒడ్డున ఒక బుద్ధిశాలి కూర్చుండి, చేపకు ఏది ప్రియమో యోచించి, దానిని ముల్లునకు తొడిగి, దారము కట్టి విడిచిన పిమ్మటనే ఆ చేపయొక్క జిహ్వాచాపల్యము మనకు నీతిపాఠమైనది. పంచతంత్రములో చేపలను నమ్మించి భక్షించిన కొంగను ఎండ్రకాయచేత చంపించిన సంప్రదాయమే, కొంగజపమను మాటను తిట్టుగా వాడుకొనుచున్న లోకమే, గాలము వేయు చేతిని మాత్రము విచారణకు తేలేదు.

ఈ విచారణను మన చెరువుగట్టున, వానపామును గ్రుచ్చిన ముల్లును ఎదుట పెట్టుకొనియు చేయవచ్చును. కాని అచట ఎర నిజమైన యాహారమే గనుక చేప కోరినది చేపకు దొరకనే దొరకినది. దానితోపాటు కోరనిది కూడ దొరకినది, అంతియే. ప్రశ్న నిష్కర్షగా తేలవలెనన్నచో ఆహారలేశమైనను లేని గాలము కావలెను. అట్టి గాలము ఉత్తరామెరికాలోని మహాసరోవరములందు, విశేషించి మిషిగన్, ఒంటారియో సరస్సులలో, సాల్మన్ చేపలను వేటాడువారి చేతులలో పరాకాష్ఠ నందినది. కదలుచున్న పడవ వెనుక గాలములను ఈడ్చుకొనిపోవు ఈ పద్ధతిని వారు ట్రోలింగు అందురు. దాని పనితీరును కొంత నిదానముగా చెప్పుట అవసరము. ఏలయనగా నేను అడుగదలచిన ప్రశ్న ఆ పనిముట్లలోనే ఇమిడియున్నది.

వేసవినాట ఆ సరస్సుల పైనీరు వెచ్చనై, అడుగునీరు మంచువలె చల్లనై, నడుమ ఒక పొరలో ఉష్ణోగ్రత హఠాత్తుగా పడిపోవును. సాల్మన్లలో పెద్దదైన చినూక్ ఇంచుమించు 10 మొదలు 12 డిగ్రీల సెల్సియస్ నీటిని కోరి ఆ పొర దాపున, ఒకప్పుడు 60 అడుగుల లోతున, ఒకప్పుడు 100 అడుగులకును దిగువన సంచరించును. తేలికయైన లోహపురేకును అంత లోతునకు దింపి, అచటనే నిలిపి, పడవతో ఈడ్చుట సులభము కాదు. అందుకొఱకు డౌన్‌రిగ్గర్ అను యంత్రమును పడవ అంచున బిగింతురు. ఒక చక్రమునకు చుట్టిన ఉక్కుతీగ చివర 10, 12 పౌన్ల సీసపుగుండు వ్రేలాడుచుండును. గాలపుదారమును ఆ గుండు దగ్గఱ ఒక చిన్న క్లిప్పునకు తగిలించి, గుండును కోరిన లోతునకు దింపుదురు. దారము బిగిసి కఱ్ఱ విల్లువలె వంగియుండును. క్రింద చేప గాలమును తాకినంతనే దారము క్లిప్పునుండి ఊడిపోవును. వంగియున్న కఱ్ఱ ఒక్క పెట్టున నిటారుగా లేచి, మరుక్షణమున చేప బరువునకు మరల క్రుంగును. రీలు కూత వేయును. ఆ క్షణమునకై ఆ వేటగాండ్రు తెల్లవారకమునుపే రేవు విడిచి మైళ్లకొలది పోవుదురు.

ఒక్క గుండుతో వారికి తృప్తి లేదు. డైవరు అను బిళ్లను దారమునకు కట్టినచో అది నీటి ఒత్తిడికి ప్రక్కకును క్రిందికిని ఒరిగి గాలమును పడవ దారినుండి తప్పించును. అల్లికకవచము లోపల సీసపుతీగ గల లెడ్‌కోర్ దారము తన బరువుతో తానే మునుగును. పదేసి గజములకొక రంగు మారుచుండుటచే ఎంత విడిచినదియు రంగులను లెక్కించి తెలిసికొందురు. ప్లేనర్ బోర్డులు నీటిపై తేలుచు దారములను ఇరుప్రక్కలకు దూరముగా లాగికొనిపోవును. ఇట్లు ఒక్క పడవ వెనుక అనేక గాలములు వేఱువేఱు లోతులలో, ఒకదానికొకటి చిక్కుపడకుండ, ఒక చిన్న చేపలగుంపు పోవుచున్నట్లు పోవుచుండును. పడవ వేగము గంటకు రెండు మొదలు మూడు మైళ్లు. అందులో ఒకటి రెండు దశాంశముల భేదమే వేటయొక్క ఫలితమును మార్చునని అనుభవజ్ఞులు చెప్పుదురు. పైకి కనబడు వేగము వేఱు, లోపలి ప్రవాహముల వలన గుండు దగ్గఱ నుండు వేగము వేఱు గనుక, లోతున వేగమును ఉష్ణోగ్రతను కొలిచి పైకి తెలుపు సాధనమునుగూడ గుండు చెంతనే అమర్తురు. పడవను వంపులు తిప్పుచు నడపుటలో ఒక మర్మము కలదు. వంపునకు లోపలివైపు గాలములు మెల్లనై దిగజారును, వెలుపలివి వేగము హెచ్చి పైకి లేచును. ఏవైపు గాలమును చేప పట్టినదో చూచి, ఆనాడు చేపకు మందగమనము ఇష్టమో శీఘ్రగమనము ఇష్టమో గ్రహింతురు.

ఇక గాలము. స్పూను అని పిలువబడు ఆ వస్తువు నాలుగంగుళముల పలుచని లోహపురేకు. ఒకవైపు వెండివలె మెఱయును. మఱియొకవైపు ఆకుపచ్చయో, నీలమో, చుక్కలో, చారలో చిత్రింపబడి యుండును. దానికున్న స్వల్పమైన వంపువలన ఈడ్చినప్పుడు అది తిన్నగా పోక, ఇటు అటు ఒరగుచు, గాయపడిన చిన్నచేప తడబడుచు పోవునట్లు పోవును. లోతునకు పోయిన కొలది ఎఱుపు ముందుగా అణగిపోవుననియు, నీలహరితములు చాలదూరము నిలుచుననియు తెలిసి రంగులను ఏర్తురు. వేకువచీకటిలో వాడు రేకులకు స్వయముగా వెలుగు పూత పూసి, నీటిలో విడుచుటకు ముందు దీపము చూపి వెలుగు నింపుదురు. కొందఱు స్పూనునకు మారుగా ఫ్లాషరు అను పొడవైన మెఱుపుపలకను ముందు కట్టి, దాని వెనుక మూరెడు దారమున తళుకుపోగుల కుచ్చును తగిలింతురు. పలక గిరగిర తిరుగుచు, వేట మీదనున్న చేప మెఱపును, అది నీటిలో పుట్టించు కంపమును అనుకరించును. హెఱ్ఱింగు చేపముక్కను చేర్చువారును లేకపోలేదు. నేను చెప్పుచున్నది అట్టిది లేని లోహమును గూర్చి. దానియందు రుచి లేదు, వాసన లేదు, ఆహారము లేదు. వంచనకు కావలసిన రూపము, చలనము, కంపము మాత్రమే కలవు.

ఇక్కడనే మన దృష్టాంతము మొదటిసారి తడబడుచున్నది. రుచికి లోబడి మీనము చెడినదన్నారు. ఈ మీనము ఏ రుచిని చూచినది? దాని కన్ను ఒక మెఱపును చూచినది. దాని దేహమునకు ఇరుప్రక్కల తలనుండి తోకవఱకు సాగిన సూక్ష్మేంద్రియరేఖ నీటిలో ఒక తడబాటును పసిగట్టినది. ఆ రెండును కలిసి, దెబ్బతిన్న ఏల్‌వైఫ్ అను చిన్నచేప ఒకటి పోవుచున్నదని దానికి నివేదించినవి. అది వెంబడించినది. మఱియు చేపకు చేతులు లేవన్న సంగతిని మనము తఱచు మఱచెదము. మనము వ్రేళ్లతో తాకి, త్రిప్పి చూచి తెలిసికొను వస్తువును అది నోటితో పట్టి తెలిసికొనవలసినదే. నోరు దానికి హస్తము కూడ. నోట పట్టినంతమాత్రమున తిండిపోతుతనమని తీర్పు చెప్పుట, తలుపు తట్టినవానిని దొంగయని శిక్షించుట వంటిది.

ఇంతకన్న విచిత్రమైనది మఱియొకటి కలదు. గ్రుడ్లు పెట్టుకాలము సమీపించి, తాను పుట్టిన యేటి మొగను వెదకికొనుచు తీరమునకు చేరిన చినూక్ ఆహారమును విడిచివేయును. దాని జీర్ణాశయము ముడుచుకొనిపోవును. మగచేప దవడ కొక్కెమువలె వంగును. నిలువయున్న మాంసబలమంతయు వీర్యాండముల కొఱకే వ్యయమగును. సముద్రము నుండి గోదావరి కెదురీదు పులసను ఎఱిగిన తెలుగువారికి ఈ ప్రయాణము క్రొత్త కాదు. పులస బ్రదికి మరల సముద్రము చేరగలదు; చినూక్ కు తిరుగుదారి లేదు, గ్రుడ్లు పెట్టి మరణించును. అట్టి నిరాహారజీవి ఎదుట రంగుపూసిన బోలుగొట్టమువంటి గాలమును ఈడ్చినచో, అది ఉవ్వెత్తున వచ్చి కొట్టును. ఆకలి లేదు, తినదు, తినలేదు, అయినను కొట్టును. క్రోధమా, చోటును కాచుకొను సహజప్రవృత్తియా, లేక జీవితమంతయు వేటాడిన దేహములో మిగిలిన పాత అలవాటా యని శాస్త్రజ్ఞులు పలువిధముల ఊహింతురు. ఆహారమును విడిచినవానికి విషయములు తొలగిపోయినను వానియందలి రసము తొలగదనియు, అది పరమును దర్శించిననే తొలగుననియు గీత రెండవ అధ్యాయమున చెప్పిన మాటకు ఇంతకన్న స్పష్టమైన ఉదాహరణమును నేనెఱుగను. కాని ఆ మాట సాధకునికి చెప్పినది. తన లోపలి శేషమును తాను కనిపెట్టుకొనవలెనని చెప్పినది. ఎదుటి ప్రాణిలో మిగిలియున్న ఆ శేషమును కనిపెట్టి దానికి ముల్లు తగిలింపుమని కాదు.

గాలము వేయుట హింసయా యను ప్రశ్నకు సమాధానము కష్టము కాదు. బ్రిటనులో లిన్ స్నెడన్ ప్రభృతి శాస్త్రజ్ఞులు 2003లో ట్రౌట్ చేప ముఖముపైని, పెదవులపైని బాధను గ్రహించు నాడీగ్రాహకములు కలవని నిరూపించిరి. పెదవులలో ఆమ్లమును ఎక్కింపగా ఆ చేపలు కొన్ని గంటలు ఆహారము ముట్టక, మూతులను గులకఱాళ్లకు రాచుకొన్నవి. మనవలె మస్తిష్కవల్కలము లేనిదానికి బాధానుభవము లేదని వాదించువారును కలరు. ఆ వాదము తేలువఱకు ఆ మూతులరాపిడి నాకు చాలిన సాక్ష్యము. హింసకంటె నన్ను వేధించు ప్రశ్న వేఱు: మూగప్రాణితో అసత్యమాడుట సాధ్యమా?

సాధ్యము కాదనువారు, అసత్యము వాక్కునకు సంబంధించినదనియు, చేపకు భాష లేదు గనుక దానితో బొంకుటయు లేదనియు అందురు. ఈ మాట మన శాస్త్రముల యెదుట నిలువదు. యోగసూత్రములలో యమములను చెప్పిన చోట వ్యాసభాష్యము సత్యమును నిర్వచించుచు, తన యెఱుకను ఇతరునిలోనికి సంక్రమింపజేయుటకే వాక్కు ప్రవర్తించుననియు, అది వంచించునదిగాని, భ్రాంతమైనదిగాని, అర్థము కలిగింపలేనిదిగాని కారాదనియు, సర్వభూతముల మేలునకు కావలెనే గాని కీడునకు కారాదనియు చెప్పుచున్నది. ఇచట ముఖ్యమైనది నాలుక కాదు. ఒకరి మనస్సున ఉన్న యెఱుకకును, మఱియొకరి మనస్సున పుట్టింపబడిన యెఱుకకును గల సంబంధము. ధర్మరాజు ద్రోణుని యెదుట పలికిన మాట అక్షరశః అబద్ధము కాదు. అశ్వత్థామ యను ఏనుగు నిజముగనే చచ్చినది. అయినను నేలకు నాలుగంగుళములు ఎత్తున సాగుచుండిన అతని రథము ఆ క్షణమున నేలను తాకినది. అతడెఱిగినదొకటి, ద్రోణునిలో పుట్టింపదలచినది వేఱొకటి యగుటయే దానికి కారణము. స్పూను వేయువాడు చేయునది సరిగా ఇదియే. అది లోహమని ఆతడెఱుగును. అది చేపయను జ్ఞానమును నీటిలోని ప్రాణియందు పుట్టించును. ఆ సరస్సులో మెఱపునకు ఒక అర్థము కలదు, కంపమునకు ఒక అర్థము కలదు. ఆ అర్థములను నమ్మియే అందలి జీవులన్నియు బ్రదుకుచున్నవి. ఆ భాషలో మనుష్యుడు అబద్ధమాడుచున్నాడు. సముద్రపు లోతులలో తన తలపైని వెలుగుతునకను ఎరగా చూపి చేపలను మ్రింగు చేపలు కలవని ఎవరైన చెప్పవచ్చును. అది వాని శరీరము, వానికి వేఱొక దారి లేదు. డౌన్‌రిగ్గర్ ఎవరి శరీరమందును మొలవలేదు.

ఆ సరస్సులున్న అమెరికాదేశపు చట్టములలో ఒక విశేషము కలదు. ఒడ్డునకు చేరిన సాల్మన్ల గుంపులలోనికి పెద్ద ముండ్లను విసరి, పొట్టకో తోకకో గ్రుచ్చి లాగు పద్ధతి ఆ సరస్సులకు వచ్చి కలియు నదులలో ఒకప్పుడు చెల్లుచుండెను. దానిని స్నాగింగు అందురు. న్యూయార్కు రాష్ట్రమున సాల్మన్ నదిపై దానిని నిషేధించుటకు చాలకాలము వివాదము నడచి, చివరకు నిషేధమే నిలిచినది. నేడు ఆ నదులలో నోటికి వెలుపల ముల్లు గ్రుచ్చుకొన్న చేపను వెంటనే నీటిలో విడువవలెను; నోటిలోపల తగిలినదైనచో ఉంచుకొనవచ్చును. ఈ భేదమునకు మూలమేమి? నోట తగిలినచో చేప తానై వచ్చి పట్టినది, దాని యంగీకారము ఇందులో కలదు, కావున వేట న్యాయమైనదను భావము. బలాత్కారమును నిషేధించి మోసమును గౌరవప్రదము చేసిన ఈ న్యాయమును నేను ఎంత తలపోసినను ఒప్పుకొనలేకున్నాను. మోసమున పొందిన యంగీకారము అంగీకారము కాదని మనుష్యుల యొప్పందములలో ఏ న్యాయస్థానమైనను చెప్పును. తోకకు ముల్లు గ్రుచ్చినవాడు చేపకు బాధను మాత్రమే కలిగించెను. నోటికి గ్రుచ్చినవాడు బాధను కలిగించి, దానికి కారణము నీవేయని చేపమీదికి త్రోసెను. రుచికి లోబడి చెడిన మీనమను దృష్టాంతమును మన దేశమున వైరాగ్యమునకు వాడినారు, అచట అదే భావమును వేటకు సమర్థనముగా వాడుచున్నారు.

ఆ చేపలు అచటికి వచ్చిన వృత్తాంతము ఈ ప్రశ్నను ఇంకను లోతు చేయును. సాల్మన్లు మిషిగన్ సరస్సునకు స్వదేశులు కావు. ఓడలకై త్రవ్విన వెల్లండు కాలువ త్రోవను సీ ల్యాంప్రే అను రక్తపాయి పై సరస్సులలో చొరబడి, తక్కిన కారణములతో గూడి అచటి లేక్ ట్రౌట్ జాతిని మిషిగన్ సరస్సునుండి 1950ల నాటికి తుడిచిపెట్టెను. తినువారు లేకపోగా ఏల్‌వైఫ్ అను చిన్నచేప హద్దు మీఱి పెరిగి, 1967 వేసవిని రాసులు రాసులుగా చచ్చి షికాగో మొదలగు తీరములను దుర్గంధమయము చేసెను. 1964లో మిషిగన్ రాష్ట్ర మత్స్యశాఖకు అధిపతిగా వచ్చిన హవర్డ్ టానర్, ఆ చిన్నచేపలను తినుటకును, అంతకు మించి వినోదపు వేటకును, పసిఫిక్ తీరమునుండి కోహో అను సాల్మన్ జాతి గ్రుడ్లను తెప్పించి, 1966 వసంతమున ప్లాట్ నదిలోను, బేర్ క్రీకులోను పిల్లలను విడిపించెను. మరుసటి యేట చినూక్ వచ్చెను. 1967 శరత్తున కోహోల కొఱకు జనము వెఱ్ఱియెత్తినట్లు చిన్న పడవలలో సరస్సు మీదికి పోగా, సెప్టెంబరు 23న లేచిన తుపానులో ఏడుగురు వేటగాండ్రు మరణించిరి. అదే సరస్సులో 1970లలో ఆర్థర్ హాస్లర్ బృందమువారు కోహో పిల్లలను మార్ఫొలిన్ అను రసాయనపు వాసన గల నీటిలో పెంచి విడిచి, పెద్దవై తిరిగివచ్చు కాలమున ఒక యేటిలో ఆ వాసనను కలుపగా, ఆ చేపలు అదియే తమ పుట్టినిల్లని అటు మరలినవి. వాసనచేత చేపలు తమ యేటిని గుర్తించునని లోకము దానివలన నేర్చినది. ఆ జ్ఞానము విలువైనదే. అయినను ఆకలికి, పుట్టినింటి తలపునకు గూడ నకళ్లు చేయగల చేతులలో ఆ ప్రాణి చిక్కినదని చదివినప్పుడు నా మనస్సు కలుక్కుమనినది. ఇప్పుడు చినూక్ లలో పెక్కు అచటి నదులలో తమంత తామే పుట్టుచున్నవి. తొలుత మాత్రము మనుష్యుని వినోదేచ్ఛయే వానిని అచటికి తెచ్చినది.

ఇదంతయు విని, జాలరుల వృత్తినే నేను నిందించుచున్నానని ఎవరును తలపరాదు. యోగసూత్రభాష్యమే అహింస జాతిచేత పరిమితమగుటకు ఉదాహరణముగా మత్స్యవధ చేయువానిని చెప్పినది: ఆతని హింస చేపలయందే, అన్యత్ర లేదు. అది మహావ్రతము కాకపోవచ్చును. వ్రతము కాదని మాత్రము భాష్యకారుడు అనలేదు. మిథిలలో మాంసము విక్రయించు ధర్మవ్యాధుడు తన వృత్తి ఘోరమని తానే చెప్పి, కౌశికునకు ధర్మము బోధించెను. పొట్టకూటికై వల విసరువాడు చేపకు ఏమియు చూపడు. వల కనబడకుండుటలోనే దాని పని. స్పూను అట్లు కాదు, అది చూపును. ఉన్నదానిని దాచుటకును, లేనిదానిని ఉన్నట్లు చూపుటకును భేదము స్వల్పమే కావచ్చును గాని, భేదము కలదు.

వినోదపు వేటయందలి సూక్ష్మజ్ఞానమును నేను తక్కువ చేయను. నీటి పొరలను, వెలుగు విఱుగుడును, చేపయొక్క చూపును, కోపమును, దినదినమును మారు దాని చిత్తవృత్తిని వారెఱిగినంతగా ఏ తత్త్వవేత్తయు ఎఱుగడు. చేపకు ఏది ప్రియము, ఏది భయము, ఏ క్షణమున అది సందేహించి వెనుదిరుగును అని ఏండ్లకొలది శ్రద్ధతో నేర్చినవాడు, చేపను మనకందఱకన్న దగ్గఱగా చూచినవాడు. పరప్రాణి యిష్టమును ఇంత లోతుగా ఎఱుగుట కరుణకు మొదటి మెట్టు. ఆ మెట్టు మీద నిలిచి వారు గాలము వేయుచున్నారనుటయే నాకు దుఃఖము.

పట్టి విడుచుట యను ఆచారము వారిలో కొందఱి మనస్సునకు ఊరట. కాని వేసవిలో 100 అడుగుల చల్లని నీటినుండి లాగబడి, పెనుగులాటలో అలసి, వెచ్చని పైనీటిని దాటి పడవనేలపై వలలో పొర్లాడిన చినూక్ ను విడిచినను, అది బ్రదుకుట అనుమానమే. పడవనేలపై రాలిన దాని పొలుసులు వ్రేళ్లకు వెండిపొడివలె అంటుకొనును. మొప్పలు తెఱచుకొని మూసికొనును. కంటికి ఱెప్ప లేదు. జర్మనీదేశపు చట్టము సహేతుకమైన కారణము లేక వెన్నెముక గల ప్రాణిని బాధించుటను నిషేధించి, తినదలపక కేవలము వినోదమునకై పట్టుటను ఆ హేతువులలో చేర్చుకొనలేదు. తినుటకు పట్టినవానికి హేతువైన కలదు. విడుచుటకే పట్టినవాడు, చేప బ్రదికినచో, హింసలో కొంత మరలించుకొన్నాడనవచ్చును. లోహపురేకుతో తాను చెప్పిన అబద్ధమును మరలించుకొనుటకు ఆతనికి ఏ యుపాయమును లేదు. తక్కిన ఏల్‌వైఫ్ లను వేటాడుచు ఆ చేప సరస్సులో తిరుగునంతకాలము, మెఱపును నమ్మవలెనా వలదా యను సందేహము, అట్టిది చేపకు కలుగునేని, దానివెంటనే తిరుగును.